రెండు రైళ్ళ మధ్య ఊరు

రేపటి డ్యూటీల బోర్డు మీద ఆమె పేరుకి ఎదురుగా నిన్నటిదాకా ఉన్న 'సెలవు' అనే మాట ఇవాళ లేదు. ఎవరో తడిగుడ్డతో తుడిచేశారు. తుడిచిన చోట సుద్ద తెల్లగా అలుక్కుపోయి ఉంది. దాని మీద 'కాలనీ బండి' అని రాశారు. రెండు వరసల కింద, తొమ్మిదో నంబరు బస్సు నడిపే సీనియరు పేరుకి ఎదురుగా 'సెలవు' అన్న మాట కొత్తగా, పెద్దక్షరాలతో మెరుస్తోంది.

పొట్టి బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదువుకుంది. పొట్టి ఆమె అసలు పేరు కాదు, ఇంట్లో పిలిచే పేరు. ఒకసారి అమ్మ డిపోకి ఫోన్ చేసి "మా పొట్టి ఉందాండీ?" అని అడిగినప్పటి నుంచీ డిపో అంతటికీ అదే పేరయింది. సీటు పూర్తిగా ముందుకి జరుపుకుని ఎనిమిదేళ్ళుగా బస్సు నడుపుతున్న మనిషికి ఆ పేరంటే కోపం ఎప్పుడో పోయింది.

డ్యూటీలు వేసే కంట్రోలరు గదిలోకి వెళ్ళింది. ఆయన టీ గ్లాసు మీద తేలిన మీగడని పెన్ను మూతతో పక్కకి తీస్తున్నాడు.

"సార్, రేపు నాకు సెలవుంది కదా."

"ఉండేదమ్మా. ఆయన బావమరిది ఇల్లు మారుతున్నాడట. సామాను మోసేవాళ్ళు లేరట."

"నేను మూడు వారాల కిందటే రాసిచ్చాను సార్. మీరే సంతకం పెట్టారు."

"పెట్టాను, కాదన్నానా? సర్దుకోవాలి మరి. ఇంతకీ నీకేం పని?"

"మా అమ్మా నాన్నా, చెల్లెలూ వస్తున్నారు. చెల్లెలికి కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. దాన్ని దింపడానికి వెళ్తూ ఇక్కడ రైలు మారుతున్నారు. పొద్దున ఆరున్నరకి దిగితే మళ్ళీ సాయంత్రం ఐదున్నరకి గాని రైలు లేదు. ఈ పదకొండు గంటల్లో ఊరు చూపిద్దామని..."

"వెయిటింగ్ హాల్లో ఫ్యాన్లున్నాయమ్మా. హాయిగా పడుకుంటారు."

ఇక చెప్పేదేమీ లేనట్టు ఆయన టీ గ్లాసు ఎత్తాడు. పొట్టి గుమ్మం దాకా వెళ్ళింది. గుమ్మం చెక్క మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగి, వెనక్కి వచ్చింది.

"మరి రేపు తొమ్మిదో నంబరు ఎవరు తీస్తారు సార్?"

"అదే చూస్తున్నా. ఇద్దరు జ్వరంతో పడ్డారు."

"నాకివ్వండి. కాలనీ బండి ఎవరైనా తీస్తారు."

ఆయన గ్లాసు దించాడు. "కొండ రూటమ్మా అది."

"తెలుసు సార్. రెండేళ్ళ కిందట కొండ పరీక్ష పాసయ్యాను. కాయితం మీ ఫైల్లోనే ఉంది."

ఆడవాళ్ళకి కొండ రూటు ఇవ్వకూడదని ఏ పుస్తకంలోనూ లేదు. కానీ డిపోలో ఉన్న ఇద్దరు ఆడ డ్రైవర్లకీ, అంటే పొట్టికీ, అందరూ 'కళ్ళజోడు' అని పిలిచే ఆమె జూనియరుకీ, ఆ బండి తాళం ఎప్పుడూ చేతికి రాలేదు. రాసి ఉన్న రూలైతే చూపించి పోట్లాడవచ్చు. ఎక్కడా రాసి లేని రూలుతో ఎవరు పోట్లాడతారు?

బల్ల మీది ఫోను మోగింది. కంట్రోలరు విన్నాడు, విసుక్కున్నాడు, పెట్టేశాడు. మూడోవాడు కూడా రానన్నాడని ఆయన మొహమే చెప్పింది.

"సరే. ఒక్క రోజుకే. మలుపులో బండి ఇరికించావంటే మాత్రం నా దగ్గరికి రాకు."

ఆ సాయంత్రం రైలెక్కే హడావిడిలో ఉన్న అమ్మకి ఫోన్ చేసింది.

"సెలవు దొరికిందా పొట్టీ?"

"లేదమ్మా."

"పోన్లే తల్లీ. ఒక్క గంట నీ మొహం చూస్తే చాలు మాకు."

"గంటేమిటి, రోజంతా చూద్దువుగాని. దిగగానే స్టేషను బయట తొమ్మిదో నంబరు బస్సు దగ్గరికి రండి. ముందు సీట్లు పట్టి ఉంచమని కండక్టరుతో చెప్తా."

"నువ్వు నడిపే బస్సులోనా?"

అమ్మ ఫోను చేత్తో మూసి నాన్నకి చెప్పడం తెలుస్తూనే ఉంది. నాన్న ఏమన్నాడో వినపడలేదు. అమ్మే మళ్ళీ వచ్చింది.

"మీ నాన్న టైర్లు ఎలా ఉన్నాయని అడుగుతున్నాడే."

*

నాన్న ముప్పై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. స్టేషను మెట్లు దిగి వస్తూనే కూతుర్ని పలకరించకుండా బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వంగి చక్రాల బోల్టుల మీద వేలి కణుపుతో కొట్టి చప్పుడు విన్నాడు. వెనకవైపు ఎడమ టైరు దగ్గర ఆగాడు.

"ఇందులో గాలి..."

"ఐదింటికే పట్టించా నాన్నా. చెయ్యి పెట్టి చూడు."

ఆయన చెయ్యి పెట్టి చూశాడు. "బానే ఉంది," అన్నాడు, ఏ తప్పూ దొరకనందుకు కాస్త నొచ్చుకున్నట్టు.

అమ్మ అప్పటికే కూతురి ఖాకీ చొక్కా కాలరు సర్దుతోంది. చెల్లెలు సామాను క్లోక్ రూములో పెట్టి పరిగెత్తుకొచ్చింది. ముందు సీట్లో అమ్మా చెల్లెలూ కిటికీ వైపు కూర్చున్నారు. నాన్న మాత్రం డ్రైవరు కాళ్ళూ, రెండు అద్దాలూ కనిపించే సీటు వెతుక్కుని కూర్చున్నాడు.

"రైట్!" అన్నాడు కండక్టరు. రిటైరవ్వడానికి రెండేళ్ళున్న పెద్దాయన, కబుర్ల పుట్ట. బస్సు కదలగానే అమ్మకి ఊరు చూపించే పని తన నెత్తిన వేసుకున్నాడు.

"ఇది పాత వంతెనండీ. కింద ఆ పడవలన్నీ ఇసకవి. ఇటు చూడండి అమ్మగారూ, గడియారం స్తంభం. ఎప్పుడూ పది నిమిషాలు వెనకే. మీ అమ్మాయిని చూసైనా సిగ్గు తెచ్చుకోదు."

అమ్మ నవ్వి, ఆ నవ్వు పొట్టికి కనిపించిందో లేదోనని అద్దంలోకి చూసింది. కూరగాయల సంత దగ్గర తోపుడుబళ్ళు దారికి అడ్డం పడి ఉన్నాయి. పొట్టి హారన్ కొట్టలేదు. క్లచ్చు మీద బండిని నడక వేగానికి తెచ్చి, ఒక్కొక్క బండివాడూ తనంతట తాను జరిగేదాకా ఆగి, సందు దొరికినప్పుడల్లా కొంచెం కొంచెంగా ముందుకి తీసింది. ఈ మధ్యలో నాన్న కుడికాలు నేలని నాలుగుసార్లు నొక్కింది. అక్కడ బ్రేకు లేదు. ఉంటే బస్సు నాలుగుసార్లు ఆగిపోయేది.

"చూసుకో, ఎడమవైపు సైకిలు," అన్నాడు.

"చూశా నాన్నా."

"ముందు ఆటో ఆగేట్టున్నాడు."

"నాన్నా, డ్రైవరుతో మాట్లాడరాదని నీ తలమీదే బోర్డుంది, చూడు."

బస్సులో సగం మంది నవ్వారు. నాన్న తలెత్తి బోర్డు చదివి, చేతులు కట్టుకున్నాడు.

కొండ మొదలైంది. ఆ దారిలో కష్టమంతా ఒక్క మలుపులోనే. లోపలి వైపు రాతి గోడ, బయటి వైపు మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల లోయ. పొట్టి బండిని బయటి అంచుకి పట్టి, రెండుసార్లు హారన్ కొట్టి, జవాబు లేదని తెలిశాక రెండో గేరులో స్టీరింగు పూర్తిగా తిప్పింది. పొడుగాటి బండి తోక పిట్టగోడని రాసుకోబోయి, రాసుకోకుండా వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది.

పైన నీళ్ళ ట్యాంకు దగ్గర పది నిమిషాలు ఆగుతారు. కింద ఊరంతా పరిచినట్టు కనిపిస్తుంది. నది, వంతెన, గడియారం, సంత పైకప్పులు.

"మనం వచ్చిందంతా ఆ దారేనా?" అంది అమ్మ.

"అదే. అదిగో, స్టేషను."

"అంత దూరం నుంచి మమ్మల్ని తెచ్చావా!" అంది అమ్మ, కూతురు అందరినీ ఎత్తుకుని మోసుకొచ్చినట్టు.

నాన్న ఊరు వైపు చూడలేదు. బస్సు ముందు చక్రాలు రాయికి ఎలా తిప్పి ఆనించి ఉన్నాయో చూస్తున్నాడు.

*

రెండో ట్రిప్పులో అమ్మనీ చెల్లెల్నీ మ్యూజియం దగ్గర దించింది పొట్టి.

"గంటా ఇరవై నిమిషాల్లో వెనక్కొస్తా. రోడ్డుకి అవతల ఆ స్టాపులో ఉండండి. నేనాగేది అర నిమిషమే."

"నాన్నా, నువ్వూ రా," అంది చెల్లెలు.

"పాత కత్తులూ కుండలూ నేను చూసి ఏం చేస్తానమ్మా? మీరు వెళ్ళండి," అని నాన్న సీట్లోంచి కదల్లేదు.

కొండ మలుపు దగ్గర పొట్టి మళ్ళీ ఆగింది, హారన్ కొట్టింది, వింది. ఏ చప్పుడూ లేదు. బండి సగం తిరిగాక, పై నుంచి ఓ నీళ్ళ ట్యాంకరు, హారన్ గీరన్ లేకుండా, మీదికొచ్చినట్టు వచ్చి మూడడుగుల దూరంలో ఆగింది. బస్సులో ఎవరో కెవ్వుమన్నారు.

ట్యాంకరు డ్రైవరు తల బయటపెట్టాడు. స్టీరింగు వెనక ఎవరున్నారో చూశాడు.

"వెనక్కి తియ్యమ్మా! రాకపోతే చెప్పు, నేనొచ్చి తీసిపెడతా!"

నాన్న లేచి నిలబడ్డాడు. "ఎక్కే బండికి దారివ్వాలని తెలీదా వీడికి? నువ్వు కదలకు పొట్టీ. వాణ్ణే తియ్యమను!"

పొట్టి వెనక్కి తిరగలేదు. ట్యాంకరు టైర్ల వైపే చూస్తోంది.

"నిండు బండి నాన్నా అది. ముందు టైర్లు ఎలా నొక్కుకుపోయాయో చూడు. మూత పక్క నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇప్పుడు ఎత్తు మీదికి వెనక్కి తీయబోతే జారి మన మీదికే వస్తుంది."

నాన్న చూశాడు. లోడు బండి ఎత్తు మీద ఎలా ప్రవర్తిస్తుందో ఆయనకి ఒకరు చెప్పాలా? కానీ కోపంలో ఆయన మనిషిని చూశాడు, ఆమె బండిని చూసింది. మెల్లగా కూర్చున్నాడు.

"ఎవరూ లేవకండి," అంది పొట్టి, గొంతు పెంచకుండానే. "బరువు అటూ ఇటూ కదిలితే నాకు కష్టం. అన్నా, నువ్వు దిగి వెనక నిలబడు."

కండక్టరు ఈల నోట్లో పెట్టుకుని దిగాడు.

మలుపు కింద బళ్ళు ఆగడానికి కొండని కోసి చేసిన జాగా ఉంది. అక్కడిదాకా బస్సుని వెనక్కి, పల్లానికి, మెలిక తిప్పుతూ దించాలి. పొట్టి రివర్సు గేరు వేసింది. ఎడమ అద్దం, కుడి అద్దం, మళ్ళీ ఎడమ. బ్రేకు మీద పాదాన్ని వేలెడంత వదిలి, మళ్ళీ పట్టి. వెనక నుంచి ఈల కురచగా, కురచగా, కురచగా వినిపిస్తోంది. బస్సు తోక లోయ వైపు ఊగింది. కిటికీ పక్కన కూర్చున్న ముసలామె సంచీని గట్టిగా కావలించుకుంది. స్టీరింగు ఒక చుట్టు, ఇంకో సగం చుట్టు. చక్రాల కింద కంకర నలిగింది. ఈల ఒక్కసారి పొడుగ్గా మోగింది. పొట్టి ఆపింది. పిట్టగోడకీ బస్సుకీ మధ్య ఒక చెయ్యి పట్టేంత సందు మిగిలింది. స్టీరింగు వెనక్కి తిప్పింది, బండి తిన్నగా జాగాలోకి దిగింది.

మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. హ్యాండ్ బ్రేకు వేశాక పొట్టి అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంది. అప్పుడుగాని అవి అంత తడిగా ఉన్నాయని తెలియలేదు.

ట్యాంకరు మెల్లగా దిగుతూ ఆమె కిటికీ పక్కకి వచ్చి ఆగింది. ఆ డ్రైవరు "హారన్ కొట్టలేదు, తప్పు నాదే అక్కా," అని వెళ్ళిపోయాడు.

మళ్ళీ కొండెక్కేటప్పుడు పొట్టి అద్దంలోంచి నాన్న కాలు వైపు ఒక్కసారి చూసింది. అది సీటు కింద తీరిగ్గా ముడుచుకుని ఉంది.

మధ్యాహ్నం స్టేషను క్యాంటీన్లో నలుగురూ భోజనానికి కూర్చున్నారు. నాన్న పళ్ళెం పక్కకి జరిపి ఉప్పు సీసా, నీళ్ళ గ్లాసు, చెల్లెలి కళ్ళద్దాల డబ్బా ముందర పెట్టుకున్నాడు.

"ఇదిగో, ఇది గోడ. ఇది ట్యాంకరు. ఇది మన బండి. ఇక్కడ లోయ," అని బల్ల అంచు చూపించాడు. "నేను లేచి అరుస్తున్నా. పొట్టి నన్ను కూర్చోమనలేదు. టైర్లు చూడమంది, అంతే. నాకు తట్టలేదే ఆ మాట! ముప్పై ఏళ్ళు తోలిన వెధవకి తట్టలేదు!"

డబ్బాని గ్లాసు పక్క నుంచి మెల్లగా వెనక్కి లాగాడు. అమ్మ ముద్ద చేత్తో పట్టుకునే వింటోంది.

"నువ్వెన్ని కొండలెక్కి వచ్చినా ఇంటికొచ్చి ఇంతసేపు చెప్పలేదేం ఎప్పుడూ?" అంది.

"తోలేవాడికి ఏం కనిపిస్తుందే? పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది."

పొట్టి తలొంచుకుని చారు పోసుకుంది. చెవులు వేడెక్కాయి. పదోతరగతి పాసైనప్పుడు కూడా నాన్న ఇన్ని మాటలు మాట్లాడలేదు. పక్క బల్ల దగ్గర ఇద్దరు డ్రైవర్లు తినడం ఆపి ఇటే చూస్తున్నారు. చూడనీ అనుకుంది.

నాలుగో ట్రిప్పు గడియారం స్తంభం దాటుతుండగా చెల్లెలు ముందుకి వంగి గుసగుసలాడింది. "అక్కా, నాన్న నిద్రపోయాడు."

పొట్టి అద్దంలోకి చూసింది. నాన్న తల కిటికీ ఊచకి ఆనించి ఉంది. నోరు కాస్త తెరుచుకుంది. చేతులు ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నాయి.

"ఎవరు తోలినా కునుకు తీసే మనిషి కాదే," అంది అమ్మ, తానూ గొంతు తగ్గించి. "రాత్రి రైల్లో కూడా కూర్చునే ఉన్నాడు, ఇంజను డ్రైవరు బ్రేకులు సరిగ్గా వెయ్యట్లేదని."

ముందు స్పీడ్ బ్రేకరు వచ్చింది. పొట్టి దాని మీద ముందు చక్రాలని ఎక్కించి, దించి, వెనక చక్రాలని ఎక్కించి, దించింది, చక్రాల కింద గుడ్లున్నట్టు. నాన్న తల ఊచ మీద అటూ ఇటూ కూడా కదల్లేదు. ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఎవరూ ఇవ్వని సర్టిఫికెట్టేదో అద్దంలో కనిపిస్తున్నట్టు, ఆమె ప్రతి స్టాపులోనూ ఒకసారి అటు చూసుకుంది.

*

బండి అప్పజెప్పి, మొహం కడుక్కుని పొట్టి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి రైలు రావడానికి పావుగంట ఉంది. అమ్మా చెల్లెలూ మ్యూజియంలో చూసిన ఏనుగు దంతం పల్లకి గురించి వాదించుకుంటున్నారు. నాన్న పొట్టిని నాలుగడుగులు పక్కకి తీసుకెళ్ళాడు.

"రేపూ ఇదే బండా?"

"కాదు నాన్నా. ఆస్పత్రికీ కాలనీకీ మధ్య తిరిగే చిన్న బండి. తొమ్మిదోది ఇవాళ ఒక్కరోజుకే."

"ఏం?"

"ఆడవాళ్ళకి కొండ రూటు ఇవ్వరు. అదంతే."

"అడిగావా?"

"మొదట్లో ఒకసారి."

నాన్న పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. భుజం మీది సంచీ పట్టీ ముడి విప్పి, మళ్ళీ వేశాడు.

"నీకు పన్నెండేళ్ళప్పుడు లారీ స్టీరింగు పట్టుకుంటానని ఒకటే గోల చేశావు. గుర్తుందా?"

"ఉంది."

"నీ చేతులు తీసి పక్కన పెట్టాను. ఎందుకని అడిగితే అదంతే అన్నాను. ఆ మాట అక్కడితో పోయిందనుకున్నా. నేనన్నది తప్పు. వాళ్ళంటున్నదీ తప్పే. నన్ను ఎలాగూ వదిలేశావు. వాళ్ళని వదలకు. ఒకసారి అడిగి ఊరుకుంటారా ఎక్కడైనా? ఇచ్చేదాకా అడుగు."

రైలు వచ్చింది. ఎక్కించడం, సీట్లు వెతకడం, నీళ్ళ సీసా అందించడం అయ్యాక అమ్మ కిటికీలోంచి ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఈసారి మేమే సెలవు పెట్టుకుని వస్తాంలే. నువ్వు పెట్టనక్కర్లేదు. నీ బస్సుంటే చాలు," అంది. నాన్న మెట్టు మీద నిలబడి, రైలు వంపు తిరిగేదాకా చెయ్యెత్తే ఉంచాడు.

*

మర్నాడు పొద్దున ఆరూ నలభైకి పొట్టి కంట్రోలరు బల్ల ముందు నిలబడింది. నిన్నటి లాగ్ షీటు ఆయన ముందు పెట్టింది.

"ఆరు ట్రిప్పులు సార్. ఒక్కటీ ఆలస్యం లేదు."

"విన్నాను, విన్నాను. కండక్టరు రాత్రి నుంచీ చెవిలో జోరీగలా అదే చెప్తున్నాడు. శభాష్. వెళ్ళు మరి, కాలనీ బండికి టైమవుతోంది."

"ఇంకా ఇరవై నిమిషాలుంది సార్. నా కొండ పరీక్ష కాయితం ఒకసారి తియ్యండి."

"ఇప్పుడెందుకమ్మా?"

"తొమ్మిదో నంబరు నడిపేవాళ్ళ జాబితాలో నా పేరు చేర్చాలి."

కంట్రోలరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. గుమ్మం దగ్గర టీ తాగుతున్న ముగ్గురు డ్రైవర్లు లోపలికి తొంగిచూశారు.

"చూడమ్మా, పదేళ్ళుగా అది ఆయన రూటు. ఆయన ఒప్పుకోవద్దూ?"

"ఆ రూటు ఆయన పేరున ఎక్కడా రాసి లేదు సార్. నా సెలవు మాత్రం మీ సంతకంతో రాసి ఉంది. దాన్ని ఒక్క తడిగుడ్డతో తుడిచారు. రాసినదాన్ని తుడవగలిగారు, రాయనిదాన్ని తుడవలేరా?"

గుమ్మం దగ్గర ఎవరో టీ పొలమారి దగ్గారు. కంట్రోలరు ఆమె వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, లాగ్ షీటుని ఒకసారి తిరగేశాడు, వెనక వైపైనా ఏదైనా లోపం ఉంటుందేమోనని. ఖాళీగా ఉంది. లేచి బీరువాలోంచి ఫైలు తీసి దుమ్ము దులిపాడు. పిన్నుతో కలిపి గుచ్చిన రెండు కాయితాలు బయటికి వచ్చాయి.

"ఉంది," అన్నాడు, అది అక్కడ ఉండటం తనకే కొత్తైనట్టు. "సరే. సోమవారం నుంచి వారం మార్చి వారం. ఆయనకి నేను చెప్పుకుంటాలే."

"రెండు కాయితాలున్నాయి సార్."

"రెండోది కళ్ళజోడుది. ఆమె అడగలేదుగా?"

"ఒకే రోజు పాసయ్యాం. నేను అడుగుతున్నాను."

ఆయన చాలాసేపు సుద్దముక్క వెతికాడు. అది చొక్కా జేబులోనే ఉంది. బయటికి వెళ్ళి, తొమ్మిదో నంబరు వరసలో సీనియరు పేరు కింద రెండు పేర్లు రాశాడు. ఎంత చిన్నగా రాసినా బోర్డు నలుపు, సుద్ద తెలుపు. దూరానికీ కనిపిస్తున్నాయి.

కళ్ళజోడు అప్పుడే లోపలికి వచ్చింది. బోర్డు చూసి, పరుగున పొట్టి దగ్గరికి వచ్చింది.

"అక్కా, నా పేరు ఎవరో పొరపాటున తొమ్మిదో నంబరుకి రాశారు!"

"పొరపాటు కాదు. నేనే రాయించా."

"అమ్మో, నాకు భయమక్కా. పరీక్ష రోజు తప్ప మళ్ళీ ఎక్కలేదు కొండ."

"నాకు మాత్రం లేదా? నిన్న చేతులు తడిసిపోయాయి." పొట్టి కాలనీ బండి ఎక్కి సీటు ముందుకి జరుపుకుంది. "ఆదివారం మధ్యాహ్నం ఒక బండి ఖాళీగా ఉంటుంది, అడిగి తీసుకుందాం. స్టీరింగు నీ చేతికే ఇస్తా. నేను వెనక సీట్లో కూర్చుంటా."

ఇంజను స్టార్టయింది. ఏడుకి రెండు నిమిషాలుంది. ఆస్పత్రికి వెళ్ళే నర్సులూ, చేతిలో క్యారేజీలతో మరో నలుగురూ ఎక్కారు. బండి గేటు దాకా వెళ్ళేసరికి కళ్ళజోడు వెనకాలే పరిగెత్తుకొచ్చి కిటికీ మీద తట్టింది. జారుతున్న కళ్ళద్దాల్ని ఒక చేత్తో పైకి తోసుకుంటూ, రొప్పుతూ అడిగింది.

"అక్కా, ఆ మలుపు దగ్గర ఏ గేరు?"

"రెండు," అంది పొట్టి.